దేవులాటలో వయసు పాలెంత, గుణం పాలెంత

సంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా దేవులాడినట్టు అన్న సామెత వరంగల్ వైపు ఇళ్ళల్లో రోజూ ఎవరో ఒకరి మీద పడుతూనే ఉంటుంది. బండి తాళంచెవి టీవీ పక్కనే ఉంటుంది, మనిషి మాత్రం మూడు గదులూ తిరిగొస్తాడు. కరెంటు బిల్లు అద్దం ముందటే ఉంటుంది, ఈలోపు బీరువాలో ఉన్నదంతా కిందికి దిగుతుంది. దొరికాక తీర్పు రెండు రకాలుగా వస్తుంది. వెతికింది పెద్దమనిషైతే "వయసు మీద పడ్డది, కండ్లు ఆనుతలేవు" అంటారు. పిల్లగాడైతే "వానికి నిలకడ లేదు, సూసినట్టే సూస్తడు" అంటారు. ఒకరి విషయంలో తప్పు వయసుది, ఇంకొకరి విషయంలో తప్పు గుణానిది. నడివయసు మగవాళ్ళ మీద రెండూ కలిపి వేస్తారు, ఆ లెక్క వేరే.

ఈ రెండు తీర్పుల్లోనూ కొంత నిజముంది, కాకపోతే జనం అనుకునే చోట లేదు. మనుషులు కంటితో ఎలా వెతుకుతారన్న దాని మీద దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాలను వరుసగా పెట్టి చూస్తే, మనిషికీ మనిషికీ తేడా చూపు పదునులో కన్నా "ఇగ ఇక్కడ లేదు" అని ఎప్పుడు ఆపుతారన్న దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. వయసు పని చేసేది చాలావరకు అక్కడే, గుణం పని చేసేదీ అక్కడే.

ముందు కన్ను సంగతి. చెయ్యి బారుగా చాపి బొటనవేలు నిలబెడితే, ఆ గోరు ఎంత వెడల్పు కనిపిస్తుందో ఇంచుమించు అంత మేరలోనే చూపు పూర్తి పదునుగా ఉంటుంది. ఆ మేర దాటితే మసకబారుతూ పోతుంది. అది మసకని మనకు తెలియకపోవడానికి కారణం కన్ను ఒక్కచోట నిలవకపోవడమే, సెకనుకు మూడు నాలుగు సార్లు ఎగురుతుంది, వాలినచోట సెకనులో నాలుగో వంతు ఆగుతుంది, మళ్ళీ ఎగురుతుంది, ఎగిరే ఆ కాసేపు దాదాపు ఏమీ కనపడకపోయినా మెదడు ఆ ఖాళీని మనదాకా రానివ్వదు. రాత్రిపూట మోటరు పెట్టడానికి టార్చిలైటు పట్టుకొని పొలం గట్టు మీద పోయే మనిషిని తలుచుకుంటే సరిపోతుంది. వెలుగు కొంచెమే, చేను పెద్దది, ఆ వెలుగును ముందు ఎక్కడ వేయాలన్నదే అసలు పని.

ఎక్కడ వేయాలన్నది మనసులో ఉన్న ప్రశ్నను బట్టి మారుతుంది. రష్యా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బుస్ ఈ మాటను బొమ్మ మీద చూపించాడు. 1967లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన పుస్తకంలో ఒకే చిత్రాన్ని ఒకే మనిషికి చూపించి రకరకాల ప్రశ్నలు వేసిన ప్రయోగం ఉంది. ఈ ఇంట్లో వాళ్ళ వయసులెంత అని అడిగితే కన్ను ముఖాల మీదే తిరిగింది, వీళ్ళ ఆస్తిపాస్తులెంత అని అడిగితే సామాన్లు, బట్టల మీదికి పోయింది. బొమ్మ అదే, మనిషి అతనే, చూపు నడిచిన దారే మారింది.

ఇక ఎనుమాముల మార్కెట్ వైపు పోదాం, లేదంటే ఏ నర్సంపేట, పరకాల దిక్కో మిర్చి కల్లం దగ్గర ఆగినా సరే. ఎండలో ఆరబోసిన ఎర్రటి కుప్పలోంచి తాలుకాయలు ఏరుతుంటారు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ, మంచి కాయతో కలిసిపోతే ధర పడిపోతుంది. దాన్ని పట్టడానికి నిజానికి వెతకాల్సిన పనే ఉండదు, ఎరుపు మధ్యలో తెలుపు దానంతట అదే కంటికి తగులుతుంది, కుప్పలో వంద కాయలున్నా వెయ్యి ఉన్నా పెద్ద తేడా లేదు. ఆన్ ట్రీజ్‌మన్, గ్యారీ జెలాడ్ 1980లో రాసిన పరిశోధనా వ్యాసం ఇక్కడి నుంచే మొదలవుతుంది. రంగో, వాలో, ఏదో ఒక్క గుర్తు వేరుగా ఉన్నదాన్ని కన్ను చూపు మేర మొత్తంలోంచి ఒకేసారి పట్టేస్తుంది. రెండు గుర్తులు కలిపి చూడాల్సి వస్తే మాత్రం ఒక్కొక్కదాని దగ్గర ఆగి చూడక తప్పదు, చుట్టూ సరుకు పెరిగేకొద్దీ సమయమూ పెరుగుతుంది.

మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లవాడి సంగతి ఈ రెండో రకం. ఎర్రచొక్కా పిల్లలు ఎందరో ఉంటారు, నీలం నిక్కరు పిల్లలూ ఎందరో ఉంటారు, ఎర్రచొక్కా నీలం నిక్కరు రెండూ ఉన్నవాడు ఒక్కడే. పైగా చుట్టూ పసుపు, కుంకుమ, ఎర్ర చీరలు, నెత్తి మీద బంగారం (అక్కడ బెల్లాన్ని అట్లనే అంటారు) బుట్టలు. ఆ గుంపులో ఎరుపు ఎందుకూ పనికిరాని గుర్తు. జంపన్నవాగు దగ్గర పిల్లలకు ఆకుపచ్చో, నీలమో తొడిగించినవాళ్ళు తెలిసో తెలియకో ట్రీజ్‌మన్ చెప్పిందే చేస్తున్నట్టు.

బియ్యంలో రాళ్ళు ఏరడం మూడో సంగతి. చాటలో నల్లరాయి ఉంటే మొదటి చూపులోనే దొరుకుతుంది. తెల్లరాయి రంగులోనూ సైజులోనూ గింజతో కలిసిపోతుంది కాబట్టి వేలితో వరుస వరుసగా జరుపుకుంటూ పోవాల్సిందే. (ఇప్పుడొచ్చే సార్టెక్స్ బియ్యంలో రాళ్ళు తక్కువే, ఆ మిషను కూడా రంగు తేడా చూసే గింజను బయటికి కొడుతుంది, ఆ లెక్కన మిషనుకూ నల్లరాయే సులువు.)

వయసు మాట ఇక్కడికి వచ్చేసరికి ఆసక్తికరంగా మారుతుంది. 1980ల చివర్లో అమెరికాలో ప్లూడ్, డూసార్డ్ రూజ్‌వెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కుర్రవాళ్ళనూ పెద్దవాళ్ళనూ ఈ రెండు రకాల వెతుకులాటల్లోనూ కూర్చోబెట్టారు. ఒక్క గుర్తుతో పట్టేసే పనిలో పెద్దవాళ్ళు పెద్దగా వెనకబడలేదు. రెండు గుర్తులు కలిపి చూడాల్సిన చోట, ఆ సరుకు పెరిగేకొద్దీ, వాళ్ళ ఆలస్యం కుర్రవాళ్ళ కన్నా బాగా పెరిగింది. అరవై దాటిన అవ్వ తాలు ఏరడంలో కోడలితో సమానంగా కూర్చుంటుంది కానీ తెల్లరాళ్ళ దగ్గర వెనకబడుతుందన్నమాట. ఇందులో కంటి పాలు లేకపోలేదు. నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది. దానికన్నా తక్కువ మంది పట్టించుకునేది వెలుగు సంగతి. వయసుతో కంటిపాప ముడుచుకుపోతుంది, లోపలి కటకం పచ్చబారుతుంది, అరవై ఏళ్ళ మనిషి కంటి తెర మీదికి చేరే వెలుగు ఇరవై ఏళ్ళవాడి కంటితో పోలిస్తే మూడో వంతు ఉంటుందని చాలాకాలంగా లెక్క. అందుకే ముదురు నీలం, నలుపు సాక్సులు జత కలపడం పెద్దవాళ్ళకు తంటా. తాతగారు సాక్సులు మార్చి తొడుక్కున్నారంటే మతిమరుపు మాట ఎత్తేముందు ఆ గదిలో ట్యూబులైటు ఎన్నేళ్ళదో చూడటం మంచిది.

కంటి లోపాన్ని అద్దాలతో, వెలుగుతో సర్దేసిన తర్వాత కూడా కొంత ఆలస్యం మిగులుతుంది. దానికి తిమతి సాల్ట్‌హౌస్ 1996లో ఇచ్చిన వివరణ ఏమిటంటే, వయసుతో మెదడు పని వేగమే మొత్తంగా తగ్గుతుందని, వెతకడం అందులో ఒక భాగమేనని. ఇది కొంతవరకు సరైనదే. కానీ రోజర్ ర్యాట్‌క్లిఫ్ బృందం 2000 తర్వాత వరుసగా చేసిన పని ఇంకో కోణం తెచ్చింది. పెద్దవాళ్ళు నెమ్మదిగా జవాబివ్వడానికి ఒక ముఖ్య కారణం, ఒక నిర్ణయానికి రావడానికి వాళ్ళు ఎక్కువ ఆధారం అడగడం. చాలా పనుల్లో కంటిలోంచి వచ్చే సమాచారం నాణ్యత కుర్రవాళ్ళ దగ్గర ఎంతో వీళ్ళ దగ్గరా అంతే ఉంది. కుర్రవాడు ఆరు పైసల నమ్మకానికే "ఉంది" అనేస్తాడు, పెద్దమనిషి పదకొండో పైస పడేదాకా నోరు తెరవడు. తప్పు చేయడం ఇష్టంలేక ఆగడాన్ని మందగించడం అని పిలవొచ్చా అన్నది వేరే చర్చ, కానీ స్టాప్‌వాచీకి ఆ రెండూ ఒకటే.

పెద్దవాళ్ళ ఆలస్యం బాగా బయటపడేది వెతికే వస్తువు అసలు అక్కడ లేనప్పుడు. ఉంటే దొరికినప్పుడే ఆట అయిపోతుంది. లేనప్పుడు ఎప్పుడు ఆపాలో మనిషే తేల్చుకోవాలి, తేల్చుకోవడానికి ఇంకోసారి చూస్తారు, మళ్ళీ చూస్తారు. తీసిన డబ్బానే మళ్ళీ తీసే నాయనమ్మ చేస్తున్న పని ఇదే. అంతమాత్రాన నవ్వాల్సిన పని లేదు, ఎందుకంటే ఏ వయసువాళ్ళూ చూసిన చోట్లన్నీ మనసులో రాసిపెట్టుకొని వెతకరు. హొరోవిట్స్, వుల్ఫ్ 1998లో ఒక ప్రయోగంలో తెర మీది అక్షరాలను క్షణక్షణానికీ చోట్లు మార్చేస్తూ పోయారు. చూసినచోటును గుర్తుంచుకొని వెతికేవాళ్ళైతే దీంతో బాగా దెబ్బతినాలి, అలా జరగలేదు. ఆ తర్వాత దీని మీద వాదనలు చాలా నడిచాయి, కొంత జ్ఞాపకం ఉంటుందనే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు, అయినా మనం ఊహించుకున్నంత మాత్రం లేదు.

వయసు గీత రెండో కొసన పిల్లలుంటారు. ఆరేళ్ళ నుంచి ఎనభై తొమ్మిదేళ్ళ దాకా 298 మందితో హోమెల్, లీ, లీ 2004లో ప్రచురించిన అధ్యయనంలో వెతకడానికి పట్టిన సమయం గీత లోయలా ఉంది, రెండు కొసల్లోనూ నెమ్మది, మధ్యలో చురుకు. రెండు కొసల్లో కారణం ఒకటే అనుకుంటే పొరపాటు. ఫ్రాన్స్‌లో ఎలియాన్ వుర్పియో 1968లో చిన్నపిల్లలకు రెండేసి ఇళ్ళ బొమ్మలు చూపించింది, కిటికీలన్నీ ఒకేలా ఉన్నాయా లేదా చెప్పాలి. నాలుగైదేళ్ళ పిల్లలు ఒకటి రెండు కిటికీలు చూసి "ఒక్కతీరే ఉన్నయ్" అనేశారు. ఆరు దాటినవాళ్ళు ఈ ఇంటి కిటికీ, ఆ ఇంటి కిటికీ జతలు కలుపుకుంటూ పోయారు, తేడా దొరికినచోట ఆపారు. చిన్నపిల్లల కంటిలో లోపమేమీ లేదు, ఎంత చూస్తే సరిపోతుందో వాళ్ళకు ఇంకా తెలియదు. పసివాళ్ళు తొందరగా ఆపుతారు, పెద్దవాళ్ళు ఆలస్యంగా ఆపుతారు. "బిడ్డా, బియ్యంల రాళ్ళు చూడు" అని చాట చేతిలో పెట్టినప్పుడు రెండు నిమిషాల్లో "అయిపోయినయ్" అనే పిల్లనూ, అదే చాటను పట్టుకొని అరగంట కూర్చునే ముసలమ్మనూ పక్కపక్కన పెడితే ఆ లోయ మొత్తం కనిపిస్తుంది.

వయసు తీసుకుపోలేనిది ఇంకొకటుంది, ఎక్కడ చూడాలో ముందే తెలియడం. జెరెమీ వుల్ఫ్ 1989 నుంచి చెప్తూ వస్తున్న మాట ఇదే, వెతుకులాట గుడ్డిగా సాగదు, తెలిసినదాన్ని పట్టుకొని కన్ను ముందే కొన్ని చోట్లకు మొగ్గుతుంది. పత్తి చేనులో గులాబీ రంగు పురుగును వెతికే అనుభవమున్న రైతు పురుగు కోసం చూడడు, అది కాయ లోపల ఉంటుంది కాబట్టి చూసినా కనపడదు. విచ్చుకోకుండా రేకులు ముడుచుకొని అతుక్కుపోయిన గుడ్డిపూల కోసం చూస్తాడు. మొదటిసారి పత్తి పెట్టినవాడు చేనంతా తిరిగి "నా చేన్ల లేదు" అని ఇంటికి పోతాడు, యాభై ఐదేళ్ళాయన గట్టు మీద నిలబడే పది మొక్కలు చూపిస్తాడు. చత్వారం ఎవరికుంది మరి?

ఈ మొగ్గు ఎంత లోతుగా ఉంటుందంటే మనకు తెలియకుండానే ఏర్పడుతుంది. చున్, జియాంగ్ 1998లో ఒకే అమరికను తెర మీద మళ్ళీ మళ్ళీ చూపించారు, చూసేవాళ్ళు దాన్ని ముందు చూసినట్టు గుర్తుపట్టలేకపోయినా ఆ అమరికలో వస్తువును త్వరగా పట్టేశారు. 2004లో ఇదే పరీక్ష పెద్దవాళ్ళకు పెడితే వాళ్ళలోనూ ఆ నేర్పు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు ఆపడం సంగతి కొంచెం లోపలికి వెళ్ళి చూడాలి, గుణం గురించి మాట్లాడటానికి అదే గుమ్మం. ఛాతీ ఎక్స్‌రేలో గడ్డలు దొరక్క తప్పిపోవడం మీద హెరాల్డ్ కుండెల్, కాల్విన్ నోడిన్ 1970ల్లో డాక్టర్ల కంటి కదలికలు నమోదు చేశారు. 1978 నాటి వాళ్ళ లెక్కలో, తప్పిపోయిన గడ్డల్లో 30 శాతం మీద మాత్రమే చూపు పడలేదు. మిగతా 70 శాతం మీద పడింది, వాటిలో ఎక్కువవాటి దగ్గర కన్ను బాగానే ఆగింది కూడా, ఆగి, చూసి, "ఇది గడ్డ కాదు" అనుకొని ముందుకు పోయింది. అంటే చూడకపోవడం చిన్న భాగం, చూసీ కొట్టేయడం పెద్ద భాగం. 2013లో డ్రూ, వో, వుల్ఫ్ ఊపిరితిత్తుల స్కాన్‌లో గొరిల్లా బొమ్మ ఒకటి అతికించారు, వెతుకుతున్న గడ్డకు 48 రెట్ల సైజుది. 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మందికి అది కనపడలేదు. వాళ్ళలో చాలామంది చూపు సరిగ్గా గొరిల్లా మీదే పడినట్టు యంత్రం చెప్పింది. సంకలో పిల్ల సామెతకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఇంకో లెక్క దీనికి తోడు. వుల్ఫ్, హొరోవిట్స్, కెన్నర్ 2005లో సామాన్ల స్కానింగ్ లాంటి ఆట పెట్టారు. వెతికే వస్తువు సగం బొమ్మల్లో ఉంటే జనం 7 శాతం సార్లే వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉంటే 30 శాతం సార్లు వదిలేశారు. కళ్ళు అవే, తెలివి అదే, గుణమూ అదే. మారింది ఒక్కటే, ఎప్పుడో గానీ దొరకనిదాని కోసం ఎంతసేపు ఆగాలన్న లోపలి లెక్క. రేషన్ బియ్యంలో కిలోకు పది రాళ్ళొచ్చే రోజుల్లో ఏరిన చేతులు, రాళ్ళే రాని సన్నబియ్యంలో ఒక్క రాయిని వదిలేసి అది పంటి కిందికి రావడానికి కారణం ఇదే. ఆ రోజు ఇంట్లో అందరూ వయసును తిడతారు.

గుణం అనే మాటను శాస్త్రం ఐదు కొలతలుగా విడగొట్టింది. పని మీద నిక్కచ్చితనం, నలుగురితో కలిసే ఉత్సాహం, ఊరికే కంగారుపడే స్వభావం, ఎదుటివాళ్ళతో సర్దుకుపోవడం, కొత్తదాని మీద ఇష్టం. మామూలుగా ఇవి మనిషి తన గురించి తాను ప్రశ్నల కాగితం మీద ఇచ్చుకున్న జవాబులను బట్టి వచ్చే మార్కులు. నిక్కచ్చి మనిషి బాగా వెతుకుతాడు, కంగారు మనిషి పాడుచేస్తాడు అని ఎవరైనా అనుకుంటారు. అనుకున్నంత జోరుగా ఆ సంబంధం దొరకదు. వాల్టర్ మిషెల్ 1968లోనే గుర్తుచేశాడు, గుణం మార్కులకూ మనిషి ఒక సందర్భంలో చేసే పనికీ ఉండే పొత్తు 0.30 దాటడం అరుదని (సున్నా అంటే పొత్తే లేదు, ఒకటి అంటే పూర్తి పొత్తు). లెక్క తెలిసినవాళ్ళు దాన్ని వర్గం చేసి చూస్తే 9 శాతం వస్తుంది. అంటే తేడాల్లో నూటికి తొమ్మిది పాళ్ళు గుణంతో వివరించొచ్చు, తొంభై ఒకటి ఇంకెక్కడో ఉన్నాయి. తొమ్మిది పాళ్ళంటే సున్నా కాదులే, కానీ దాన్ని పట్టుకొని మనిషి మీద తీర్పు చెప్పేయడం అన్యాయం.

ఆ తొమ్మిది పాళ్ళు కనిపించే చోట్లు ఉన్నాయి. ఒకటి, విసుగు పుట్టించే పొడుగాటి కాపలా పనులు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చున్నవాళ్ళు గుర్తులు ఎందుకు వదిలేస్తున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ ముల్లు ఉన్న గడియారంతో పరీక్ష పెట్టాడు, 1948లో దాని ఫలితాలొచ్చాయి. మొదటి అరగంటలోనే పట్టు సడలిపోయింది. తర్వాత హాన్స్ ఐజెంక్ ఒక వాదన తెచ్చాడు, తమలో తాము ఉండేవాళ్ళ మెదడు ఎప్పుడూ కొంచెం మెలకువ మీద ఉంటుంది కాబట్టి నిశ్శబ్దపు పనిలో వాళ్ళు తట్టుకుంటారు, కలుపుగోలు మనిషికి పక్కన ముచ్చట లేకపోతే నిద్రొస్తుంది అని. పరీక్షల్లో ఆ వైపు మొగ్గు కనిపించింది, అయితే చిన్నదే. కల్లం దగ్గర పాటలు, ముచ్చట్లు లేకుండా మిర్చి ఏరడం ఎవరూ చూసి ఉండరు. ఊరు తన పద్ధతిలో ఆ సమస్యను ఎప్పుడో తేల్చుకుంది.

రెండోది భయం. 2001లో ఓమన్, ఫ్లిక్ట్, ఎస్టేవెస్ పూలూ పుట్టగొడుగుల ఫొటోల మధ్యలో ఒక పామునో సాలీడునో పెట్టి చూపిస్తే అందరూ వాటిని త్వరగా పట్టారు. పామంటే భయమున్నవాళ్ళు పామును ఇంకా త్వరగా పట్టారు, సాలీడు దగ్గర వాళ్ళకు ఆ అదనపు వేగం లేదు. గుణం ఇక్కడ మొత్తం చూపును పదును పెట్టలేదు, ఒక్క వస్తువు వైపు మొగ్గును పెంచింది, అంతే. కంగారు స్వభావానికి రెండో ముఖమూ ఉంది. మైఖేల్ ఐజెంక్, ఆయన తోటివాళ్ళు 2007లో చెప్పిన ప్రకారం, టెన్షన్ మనసు దృష్టిని చేతుల్లోంచి లాక్కుంటుంది, అనుకున్నచోటికి చూపు పోకుండా భయపెట్టేదాని వైపు పోతుంది. రైలు టైమైపోతుండగా కాజీపేట స్టేషన్లో బ్యాగంతా తిరగేస్తూ టికెట్ కోసం చూసే మనిషికి అది పై జేబులోనే కనపడకపోవడం ఆ ముఖం.

మూడోది కుతూహలం. రిస్కో బృందం 2012లో మామూలు దృశ్యాల ఫొటోలు చూపిస్తే, చూసి తెలుసుకోవాలన్న కుతూహలం ఎక్కువున్నవాళ్ళ కన్ను ఎక్కువ చోట్లకు పోయింది. 2018లో హాప్పె, లోచర్, మోరీ, బుల్లింగ్ ఇంకొంచెం ముందుకు పోయి, ఆస్ట్రేలియాలోని ఒక యూనివర్సిటీ ఆవరణలో 42 మందికి కంటి కదలికలు నమోదు చేసే అద్దాలు పెట్టి కాసేపు తిరిగి రమ్మన్నారు. ఆ కదలికలను కంప్యూటర్‌కు ఇస్తే ఐదు గుణాల్లో నాలుగింటినీ, కుతూహలాన్నీ గాలివాటం కన్నా మెరుగ్గా ఊహించింది. ఈ ఒక్క ఫలితం పట్టుకొని "కళ్ళు చూసి గుణం చెప్పే యంత్రం" అని చాలా వార్తలు వచ్చాయి. గాలివాటం కన్నా మెరుగంటే చాలాసార్లు తప్పే అని కూడా అర్థం. రామప్ప గుడికి తీసుకుపోయిన ఒక గుంపును గమనిస్తే యంత్రం లేకుండానే ఇంత తెలుస్తుంది, ఒకరు నాగిని శిల్పం దగ్గరే ఇరుక్కుపోతారు, ఇంకొకరు స్తంభానికో చూపు విసిరి అప్పుడే నీళ్ళ సీసా కోసం వెతుకుతుంటారు.

ఇంతదాకా వచ్చాక అసలు చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. "మంచి వెతుకులాట మనిషి" అనేవాడు ఒకడున్నాడా? నొవాకోవ్స్కా, క్లార్క్, హంట్ 2017లో ఒక చక్కటి పరీక్ష వేశారు. తెర సగంలో గీతలన్నీ ఒకే తీరుగా ఉంటాయి, అక్కడ తేడా గీత ఉంటే ఓరకంటికే తెలుస్తుంది. రెండో సగంలో గీతలు చిందరవందర. బుద్ధిగా ఆలోచిస్తే మొదటి సగం వైపు కన్నే తిప్పొద్దు, చిందరవందర సగంలోనే వెతకాలి. కొందరు సరిగ్గా అలాగే చేశారు, కొందరు కనపడుతున్న సులువు సగాన్నే మళ్ళీ మళ్ళీ చూస్తూ సమయం పోగొట్టుకున్నారు, ఎక్కువమంది ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉన్నారు. ఇంత పెద్ద తేడా చూసి ఇది మనిషి స్వభావం అయి ఉంటుందని అనుకోవడం సహజం. 2022లో క్లార్క్, హంట్ మరికొందరితో కలిసి ఒకే మనుషులకు ఇలాంటి పరీక్షలు మూడు పెట్టారు. ఒక్కో పరీక్షలో ఎవరి పద్ధతి వాళ్ళది, మరో రోజు వచ్చినా అదే పద్ధతి. కానీ ఒక పరీక్షలో తెలివిగా వెతికినవాడు రెండోదానిలో తెలివిగా వెతుకుతాడన్న హామీ లేదు, వాటి మధ్య పొత్తే దొరకలేదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇంట్లో చెప్పే తీర్పులను ఇదే పడగొడుతుంది. తాలు ఏరడంలో ఊరంతా మెచ్చుకునే మనిషి బ్యాంకు పాస్‌బుక్కు కోసం ఇల్లంతా కూల్చొచ్చు. వరంగల్ కొత్తవాడలో దర్రీ నేతలో తప్పిన ఒక్క పోగును దూరం నుంచి పట్టే కన్ను, సంతలో ఎదురుగా వస్తున్న మేనమామను పట్టకపోవచ్చు. గుణం మొత్తం మనిషికి అంటుకొని ఉంటుంది, వెతికే పద్ధతి ఆ పనికి అంటుకొని ఉంటుంది. రెండింటికీ పొత్తు పలచగా రావడంలో వింత లేదు.

పని పెట్టేవాళ్ళకు దీంతో ఒక లెక్క తేలుతుంది. నిక్కచ్చి మనుషులను ఏరి పెట్టుకుంటే సరిపోతుందనుకోవడం చౌకబారు ఆలోచన. "ఇగ చాలు" అని ఆపే గీతను జరిపేది ఎక్కువగా పని అమరికే. కిలో లెక్కన కూలి కడితే కాయ మీద చూపు ఆగే సమయం తగ్గుతుంది, రోజు కూలి అయితే పెరుగుతుంది, ఎవరి గుణం ఏదైనా. అమెరికా విమానాశ్రయాల్లో స్కానర్ ముందు కూర్చున్నవాళ్ళకు మధ్య మధ్యలో ఉత్తుత్తి తుపాకీ బొమ్మలు చూపిస్తారు, దొరికితే అభినందన వస్తుంది, వదిలేస్తే తెలిసిపోతుంది. అసలు తుపాకులు ఎప్పుడో గానీ రావు కాబట్టి ఆపే గీత కిందికి జారకుండా ఇదో ఉపాయం. వరంగల్ పక్కన మామునూరులో విమానాలు దిగే రోజు వస్తే అక్కడి స్కానర్ దగ్గరా కూర్చునేది మన పిల్లలే, వాళ్ళకూ నూటికి 30 లెక్క వర్తిస్తుంది. అమెరికా స్కానింగ్ ఉద్యోగుల మీద బిగ్స్, మిట్రాఫ్ తోటివాళ్ళతో కలిసి 2013లో రాసినదాంట్లో, అలవాటు లేనివాళ్ళలో నెమ్మదిగా చూసినవాడు నయం అనిపించింది, ఏళ్ళ తరబడి చేసినవాళ్ళలో ప్రతిసారీ ఒకే తీరుగా చూసేవాడు నయం అనిపించింది. ఒకే తీరుగా చూడటం గుణంకన్నా అలవాటుకు దగ్గర.

పెద్దవాళ్ళ విషయంలో కూడా సర్దాల్సింది చాలావరకు వాళ్ళ చుట్టూ ఉన్నదాన్నే. ఊళ్ళో సొంత వంటింట్లో కరెంటు పోయినా పోపులడబ్బా తీసి మెంతులెక్కడో, జీలకర్రెక్కడో చెప్పగలిగిన నాయనమ్మ, హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాట్‌కు పోయినప్పుడు వరుసగా పేర్చిన ఒకే సైజు ఒకే రంగు ప్లాస్టిక్ డబ్బాల ముందు నిలబడిపోతుంది. ముప్పై ఏళ్ళుగా మనసులో కూర్చున్న అమరిక అక్కడ లేదు, డబ్బాల మధ్య కంటికి తగిలే తేడా లేదు, పై అరలో వెలుగూ లేదు. కోడలు వచ్చి ఒక్క చూపుతో తీసిస్తుంది, ఎందుకంటే ఆ అమరిక ఆమెది. ఫోన్‌లోనూ ఇంతే. డబ్బులు పంపే యాప్‌లో గుర్తులన్నీ నాలుగేళ్ళుగా ఒకేచోట ఉంటే తాత వేలు చూడకుండానే అక్కడికి పోతుంది. ఒక పొద్దున అది అప్‌డేట్ అయి, రంగులు మారి, బటన్లు కింది నుంచి పైకి పోతే, ముందురోజు దాకా అర నిమిషంలో అయ్యే పనికి మనవడి కోసం కేక వేయాల్సి వస్తుంది. మనవడు వచ్చి "గిక్కడనే ఉన్నది కదనే తాతా" అంటాడు.